మోర్టల్ కాంబాట్ (1995 చిత్రం)

మిడ్‌వే సంస్థ 1992లో తెచ్చిన పోరాట వీడియో గేమ్ ఆధారంగా పాల్ డబ్ల్యు. ఎస్. ఆండర్సన్ తీసిన అమెరికన్ యుద్ధకళల చిత్రం. భూలోకం తరఫున ముగ్గురు యోధులు మాంత్రికుడు షాంగ్ సుంగ్ నడిపే పోటీలో తలపడటమే కథ.

చిత్రానికి ప్రాణం పోరాటాలే. ఆ ముగ్గురిలో ఒకడైన లియు కాంగ్ పాత్రధారి రాబిన్ షౌ హాంకాంగ్ సినిమాల్లో రాటుదేలిన నటుడు. ప్రత్యర్థి రెప్టైల్‌తో అతని పోరుకు కూర్పు కూడా అతనిదే. దెబ్బ తగిలిన తీరు, దేహం విరుచుకుపడే వేగం స్పష్టంగా కనిపిస్తాయి. అప్పటి హాలీవుడ్‌లో ఇంత స్పష్టత అరుదు. థాయిలాండ్‌లోని చిత్రీకరణ స్థలాలు, హోరెత్తించే టెక్నో సంగీతం, షాంగ్ సుంగ్‌గా క్యారీ హిరోయుకి తగావా ప్రతినాయకత్వం గేమ్ వాతావరణాన్ని నిలబెట్టాయి.

కథనం మాత్రం పలచన. పాత్రల మధ్య బంధం బలపడకముందే తర్వాతి పోరు వచ్చేస్తుంది. ముగ్గురు యోధుల్లో ఒకరైన సోన్యా బ్లేడ్‌ను చివర్లో బందీగా మార్చడం ఆ పాత్రకు అన్యాయమే. పిల్లలూ చూడగలిగేలా రక్తపాతాన్ని బాగా తగ్గించడంతో గేమ్‌కు పేరు తెచ్చిన క్రూరత్వం తెరపై లేదు. కంప్యూటర్‌తో సృష్టించిన రెప్టైల్ రూపం నేడు నాసిగా తోస్తుంది.

అయినా చిత్రం వసూళ్లలో ఘనవిజయం సాధించింది. 1997లో వచ్చిన రెండో భాగం దీని దరిదాపుల్లోకి రాలేదు.