పిల్లల ఆయాసం: సీఆర్‌పీ రిపోర్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో చిన్నపిల్లలకు రొంప, దగ్గు, ఆయాసం ఎక్కువవుతాయి. నందికొట్కూరులో అయినా, నంద్యాల, ఆళ్లగడ్డల్లో అయినా జ్వరం కూడా ఉంటే సీబీపీ, సీఆర్‌పీ పరీక్షలు రాయడం మామూలే. రిపోర్టులో అంకె ఎక్కువ ఉంటే ఇంట్లోవాళ్లకు కంగారు, తక్కువ ఉంటే ధీమా. రెండూ ఒక్కోసారి పొరపాటే. జబ్బు ఎంత ముదిరిందో ఆ కాగితం కన్నా బిడ్డ శ్వాసే ముందు చెబుతుంది.

ఏ వైరస్‌లు?

రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగొట్టాలు వాచిపోవడానికి (బ్రాంకియోలైటిస్) ముఖ్య కారణం ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లల్లో లక్షకు పైగా మరణాలకు ఇది కారణమైందని అంచనా. అందులో 97 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. 2025 జనవరిలో బెంగళూరు కేసులతో వార్తల్లోకి వచ్చిన హెచ్‌ఎంపీవీ కూడా ఇదే కుటుంబానికి చెందింది. అది కొత్త వైరస్ కాదు, 2001లోనే గుర్తించారు. ఇన్‌ఫ్లూయెంజా, అడినో వైరస్‌లు కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి.

రిపోర్టులో ఉండే గుర్తులు

సీఆర్‌పీ: ఒంట్లో వాపు మొదలైతే ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం కాలేయానికి కబురు పంపుతుంది. కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. బ్యాక్టీరియా సోకితే ఇది బాగా పెరుగుతుంది, వైరస్ అయితే సాధారణంగా తక్కువే. కానీ అడినో వైరస్‌లో కూడా చాలా పెరగొచ్చు. అందుకే సీఆర్‌పీ ఎక్కువ ఉందంటే యాంటీబయాటిక్ వేయాల్సిందే అని కాదు.

ప్రోకాల్సిటోనిన్: బ్యాక్టీరియాను పట్టుకోవడంలో ఇది సీఆర్‌పీ కంటే కొంత మెరుగు. ఖర్చు ఎక్కువ. ఇది కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేదు.

తెల్ల రక్తకణాలు: చిన్నపిల్లల్లో లింఫోసైట్లు పెద్దవాళ్ల కంటే ఎక్కువ ఉండటం సహజం. పెద్దల కొలతతో పోల్చి రిపోర్టులో ఎర్రగా చూపిస్తే భయపడాల్సిన పని లేదు. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్ల నిష్పత్తి పెరిగితే జబ్బు ముదురుతోందా అనే దానిపై పరిశోధనలు నడుస్తున్నాయి.

ఇంటర్‌ఫెరాన్: వైరస్ మీద శరీరం వాడే మొదటి ఆయుధం. ఆర్‌ఎస్‌వీ తీవ్రంగా సోకిన పసిపిల్లల్లో ఈ స్పందన బలహీనంగా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. ఈ పరీక్ష మామూలు ల్యాబ్‌లో చేయరు.

అసలు చిక్కు ఎక్కడ?

యుద్ధం జరిగేది ఊపిరితిత్తుల్లో, రక్తం తీసేది చేతి నుంచి. ఆర్‌ఎస్‌వీ ముదిరినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-8 పిలుపుతో న్యూట్రోఫిల్స్ గాలిగొట్టాల్లోకి గుంపుగా చేరతాయి. చనిపోయిన కణాలు, చీమిడి కలిసి ఆ సన్నటి దారిని మూసేస్తాయి. రక్తంలో సీఆర్‌పీ తక్కువగానే ఉండి, బిడ్డ మాత్రం ఊపిరి అందక అల్లాడవచ్చు.

రోగనిరోధక శక్తి దారి తప్పితే ఏమవుతుందో 1960ల్లో అమెరికాలో జరిగిన ఒక టీకా ప్రయోగం చూపింది. చంపిన ఆర్‌ఎస్‌వీతో చేసిన టీకా తీసుకున్న పసిపిల్లల్లో తర్వాత వైరస్ సోకినవాళ్లు 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. ఆ దెబ్బతో ఆర్‌ఎస్‌వీ టీకా దశాబ్దాలు వెనక్కి పోయింది. గర్భిణులకు ఇచ్చే టీకా, పసిపిల్లలకు ఇచ్చే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్ అమెరికాలో అనుమతి పొందింది 2023లోనే.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాలు బ్రాంకియోలైటిస్‌కు రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అందరికీ మామూలుగా చేయొద్దనే చెప్పాయి. అలాగని పరీక్షలు దండగ అనుకోకూడదు. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, బ్యాక్టీరియా న్యుమోనియా అనుమానం ఉన్నా అవి కావాలి. కోవిడ్ తర్వాత కొందరు పిల్లల్లో వచ్చిన మిస్-సి జబ్బును గుర్తించడంలో సీఆర్‌పీ కీలకం.

ఇంట్లో చూడాల్సింది

కేంద్రం 2019లో పిల్లల న్యుమోనియాపై మొదలుపెట్టిన కార్యక్రమం పేరు 'సాన్స్'. ఉర్దూలో, హిందీలో శ్వాస అని అర్థం. పేరులోనే విషయం ఉంది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. ఈ అంకె దాటితే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే:

- 2 నెలల్లోపు: నిమిషానికి 60 లేదా ఎక్కువ
- 2 నుంచి 12 నెలల్లోపు: 50 లేదా ఎక్కువ
- 1 నుంచి 5 ఏళ్లలోపు: 40 లేదా ఎక్కువ

వేగం ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. డొక్కలు ఎగరేయడం, మూలుగు, పెదాలు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండటం, ఫిట్స్, ఆక్సిజన్ 90 కంటే తగ్గడం: వీటిలో ఒక్కటి ఉన్నా రిపోర్టు కోసం కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నందికొట్కూరు జిల్లా కేంద్రం 2022 నుంచి నంద్యాల అయినా, కర్నూలు పెద్దాసుపత్రే దగ్గర. ఆళ్లగడ్డ వైపు వాళ్లకు నంద్యాల దగ్గర. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, గుండె జబ్బు ఉన్న పిల్లల విషయంలో మరీ తొందరపడాలి.

వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ పనిచేయదు. ఆక్సిజన్, పాలు లేదా ద్రవాలు అందించడం, ముక్కు శుభ్రం చేయడమే ప్రధాన వైద్యం. పసిపిల్లల దగ్గర సాంబ్రాణి, ఊదు, బీడీ, కట్టెల పొయ్యి పొగ ఉండకూడదు. ఆరో వారం, 14వ వారం, 9వ నెలలో ఉచితంగా వేసే పీసీవీ టీకా న్యుమోకాకస్ బ్యాక్టీరియా న్యుమోనియా నుంచి కాపాడుతుంది, ఆర్‌ఎస్‌వీని ఆపదు. అయినా తప్పకుండా వేయించాలి. కార్డులో ఏదైనా డోసు మిగిలిపోతే ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్‌ఎంను గానీ అడగండి.