చైత్రంలో స్వర్ణాల చెరువు

వెలుతురు రాకముందే నెల్లూరు దర్గామిట్ట దాటి స్వర్ణాల చెరువు దగ్గరికి రండి. ఉగాది వెళ్లి వారమైంది. బారాషహీద్ దర్గా దగ్గర టీ కొట్టు ఇప్పుడే తెరుస్తున్నారు. మొహర్రంలో రొట్టెల పండగకు జనం కిక్కిరిసే ఘాట్ మెట్లు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద నిలబడితే ఊరు మీ వెనక, నీళ్లు మీ ముందు. పిట్టలు చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పొద్దు వీపున పొడుస్తుంది, ఎండ నేరుగా పిట్టల మీద పడుతుంది, ఈకల రంగు తేటగా తెలుస్తుంది.

ముందు చెవులకు పని చెప్పండి. వేపచెట్టులో కోయిల అప్పుడే ఎత్తుకుంది. మనకది పాట. పక్క కొమ్మ మీది కాకి జంటకు మాత్రం అపాయం. మగది కూసి కాకుల్ని తన వెంట తరిమించుకుంటే, ఒళ్లంతా చుక్కలున్న ఆడది ఆ సందులో వాటి గూట్లో గుడ్డు పెట్టేస్తుంది. ఎడమవైపు చవిటి నేలలో తీతువు గోల పెడుతోంది. అటు నడవొద్దు. దానిది గుడ్లు పెట్టే కాలం, గూడంటూ కట్టదు, గులకరాళ్ల మధ్య నేల మీదే పెడుతుంది. మీ కాలు పడేదాకా అవి గుడ్లని తెలియదు.

వెలుగొచ్చింది. నీళ్లలో పాతిన కర్ర మీద నీటికాకి రెక్కలు బార్లా చాపుకుని కూర్చుంది. దాని ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి, అందుకే మునిగి చేపలు పట్టడం సులువు. పైకొచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. దాని వెనక గుర్రపుడెక్క మీద బొల్లికోళ్లు, ఇంకాస్త లోపల ఊదారంగు నీటికోడి ఎర్రటి కాళ్లతో తాపీగా తిరుగుతోంది. నలుపు తెలుపు లకుముకి గాలిలో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ ఆగి, తలకిందులుగా నీళ్లలో పడింది. చేప దొరకలేదు. మళ్లీ లేచింది.

ఇప్పుడు ఒడ్డునున్న గుడ్డి కొంగను చూడండి. చలికాలమంతా మట్టిరంగు చారలతో ఉన్నదేమో కనపడీ కనపడకుండా ఉండేది. ఇప్పుడు వీపున ముదురు మెరూన్ రంగు దిగుతోంది. గేదెల వెంట నడిచే తెల్ల కొంగల తలలకు పసుపు, నారింజ పట్టాయి. నీటి మీద గిరికీలు కొట్టే రేవుపిట్టల్లో కొన్నిటికి నెత్తి నల్లబడింది, పొట్ట బూడిదరంగుకు తిరిగింది. పెళ్లివారింట్లోలా ఎవరికి వారు కొత్త బట్టల్లోకి మారుతున్నారు. తేడా ఏమిటంటే కొంగల పెళ్లి ఇక్కడే, రేవుపిట్టలు ప్రయాణం కట్టాలి.

కరెంటు తీగ మీద వరసగా కూర్చున్న తోక చీలిన చిన్న పిట్టలదీ ప్రయాణమే. హిమాలయాలు, వాటికి ఆవలి దేశాలు వాటి పుట్టిళ్లు. మధ్య ఆసియా వలసదారి అని శాస్త్రజ్ఞులు పిలిచే ఆకాశమార్గానికి ఈ కోస్తా దక్షిణపు మజిలీల్లో ఒకటి. మెట్టు అంచున తోక ఊపుతూ పురుగులేరుకునే కాటుకపిట్ట తిండి మీద అంత ధ్యాస పెట్టడం ఊరికే కాదు. దారి ఖర్చుకు కొవ్వు కూడబెట్టుకుంటోంది.

వల భుజాన వేసుకుని ఒకాయన మెట్లు దిగుతూ ఆగాడు.

"ఏంది సార్, దుర్బిణీ పెట్టి చూస్తా ఉండారు?"

"పిట్టల్ని అన్నా."

"పరజల కోసమైతే ఆలస్యమైపొయ్యింది సార్. శివరాత్రి దాటితే ఒకటీ నిలవదు. మళ్లా వానలు పడినాకే."

పరజలంటే చలికాలపు బాతులు. ఆయన చెప్పిన గడువులు పుస్తకాల్లోని గడువులతో సరిపోతాయి. ఈ తీరంలో చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పిట్టల రాకపోకలకు ఆ నీళ్లే ఆధారం.

ఇలా పిట్టల్ని చూసి రాసిపెట్టడం నెల్లూరుకు కొత్త కాదు. 1840లలో ఇక్కడ సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ భారతదేశపు పక్షిశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడు. 1862–64లో వెలువడిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో ఎన్నో పక్షుల పక్కన తెలుగు పేర్లూ అచ్చయ్యాయి. ఆ పేర్లు చెప్పింది వలలు, ఉచ్చులు తెలిసిన మన ఊళ్ల మనుషులే. జెర్డన్ పేరు మోసే కలివికోడి అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది.

అదిగో, పైన చూడండి. చాలా ఎత్తున గూడబాతులు. రెక్క ఆడించకుండా వేడిగాలి మీద తేలుతూ దక్షిణానికి పోతున్నాయి. అటువైపే నేలపట్టు ఉంది. 1976 నుంచి రక్షిత కేంద్రం. అక్కడ నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద అవి గూళ్లు కడతాయి, ఇంకా కిందికి పోతే పులికాట్‌లో చేపలు పడతాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరిగితే జిల్లా అంతా కార్లు కట్టుకుని వెళ్లేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిశాయి. పేరున్న పక్షులు కాగితం మీద పక్క జిల్లావయ్యాయి. నెల్లూరుకు మిగిలింది ఊరి ఒడ్డున ఉన్న ఈ చెరువు, దీని మీద బతికే పేరులేని పిట్టలు. వీటికి పండగ లేదు, టికెట్టూ లేదు.

ఎనిమిదైంది, ఎండ చురుక్కుమంటోంది. ఇంటికెళ్లి చూసినవన్నీ పక్షుల లెక్కలు దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు దేశమంతా జరిగే పక్షుల లెక్కలో మన చెరువునూ చేర్చండి. ఎన్ని పిట్టలున్నాయో రాసి ఉన్న చెరువును పూడ్చాలంటే ఎవరైనా జవాబు చెప్పుకోవాలి. లెక్కలేని చెరువుకు ఆ రక్షణ లేదు.