షుగర్ మందు, పాంక్రియాస్, శాన్ డియాగో కోర్టు

ఈ ఎపిసోడ్‌లో ఒక బల్లి దగ్గర మొదలుపెట్టి కోర్టు దాకా వెళ్దాం. బల్లి అంటే మన గోడ మీద పాకేది కాదు. అమెరికాలో అరిజోనా ఎడారిలో ఉండే గిలా మాన్‌స్టర్, విషం ఉన్న బల్లి. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ జాన్ ఎంగ్ 1990ల మొదట్లో ఆ విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని పట్టుకున్నారు.

దానితో మనకేం పని అంటారా? మనం అన్నం తినగానే పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తుంది. "ఇన్సులిన్ వదులు" అని పాంక్రియాస్‌కి, అంటే క్లోమానికి, చెప్పేది అదే. కానీ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. బల్లి విషంలోని పదార్థం అదే పని చేస్తుంది, పైగా చాలాసేపు నిలుస్తుంది. అందులోంచే బయెట్టా ఇంజెక్షన్ పుట్టింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005 ఏప్రిల్‌లో దానికి అనుమతి ఇచ్చింది. 2006 అక్టోబర్‌లో మెర్క్ కంపెనీ వాళ్ల జానువియా వచ్చింది, మందు పేరు సిటాగ్లిప్టిన్. ఇది మాత్ర. ఆ హార్మోన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపుతుంది. మన దగ్గర 2022లో పేటెంట్ అయిపోయాక ఈ సిటాగ్లిప్టిన్ బోలెడు కంపెనీల పేర్లతో వస్తోంది. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా తెరిస్తే మీకూ కనిపించొచ్చు.

ఇక గొడవ. 2007 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ ఒక ప్రకటన చేసింది: బయెట్టా వాడినవాళ్లలో క్లోమానికి హఠాత్తుగా వాపు వచ్చిన కేసులు 30 మా దృష్టికి వచ్చాయి అని. 2008 ఆగస్టులో మరో 6 కేసులు. ఇవి మరీ తీవ్రమైనవి, క్లోమంలో రక్తస్రావమో, కణజాలం చచ్చిపోవడమో జరిగినవి. ఇద్దరు చనిపోయారు. 2009లో జానువియా వంతు: 88 కేసులు. అప్పటికి ఆ మందులకి హెచ్చరికలు చేరాయి. పై పొట్టలో మొదలై వీపులోకి పోయే విపరీతమైన నొప్పి, వాంతులు వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి అన్నది అందుకే. (నా మాట విని సొంతంగా మాత్ర ఆపేయకండి. షుగర్ పెరిగినా ప్రమాదమే.)

ఇక్కడ ఒక చిక్కు ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి క్లోమం వాపు మామూలుగానే ఎక్కువ వస్తుంది. మరి తప్పు రోగానిదా, మందుదా? 2015లో వచ్చిన టీకాస్ అనే పెద్ద పరిశోధనలో 14 వేల మందికి పైగా ఉన్నారు. సిటాగ్లిప్టిన్ వాడిన సగంలో 23 మందికి వాపు వచ్చింది, డమ్మీ మాత్ర వాడిన సగంలో 12 మందికి. తేడా కనిపిస్తోంది, కానీ లెక్కల భాషలో గట్టిగా తేల్చే అంత కాదు. ఆ 23, 12 పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు చూశాను. మందు మంచిదే అనిపిస్తుంది. ఆ 23 మందిలో మనవాళ్లు ఒకరుంటే వేరేలా అనిపిస్తుంది.

కోర్టుకెళ్లిన పెద్ద పోరాటం మాత్రం వాపు గురించి కాదు, క్లోమం క్యాన్సర్ గురించి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ ప్రొఫెసర్ పీటర్ బట్లర్ బృందం 2011లో, 2013లో అనుమానాలు లేవదీసింది. 2013 ఆగస్టులో దేశమంతా ఉన్న కేసుల్ని శాన్ డియాగో ఫెడరల్ కోర్టులో జడ్జి ఆంథొనీ బటాగ్లియా ముందు కలిపారు. రోగుల వాదన సూటిగానే ఉంది: క్యాన్సర్ ప్రమాదం గురించి కాగితం మీద రాయలేదు, మమ్మల్ని హెచ్చరించలేదు.

కంపెనీల జవాబు వినండి. "మేం రాస్తామన్నా ఎఫ్‌డీఏ ఒప్పుకునేది కాదు!" ఇది హాస్యం కాదు, అక్కడి చట్టంలో నిజమైన వాదన. 2009లో వైత్ వర్సెస్ లెవీన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది ఏమిటంటే, ఎఫ్‌డీఏ ఆమోదించిన లేబుల్ ఉన్నంత మాత్రాన కంపెనీ తప్పించుకోలేదు, కానీ ఆ హెచ్చరికని ఎఫ్‌డీఏ తిరస్కరించేదని స్పష్టమైన సాక్ష్యం చూపిస్తే తప్పించుకోవచ్చు. ఆ సాక్ష్యం 2014 ఫిబ్రవరిలో దొరికినట్టయింది. ఎఫ్‌డీఏ, యూరప్ సంస్థ కలిసి ఒక వైద్య పత్రికలో రాశాయి: ఈ మందులే కారణం అన్న మాటకి ప్రస్తుత ఆధారాలు సరిపోలడం లేదు, అయితే మేం తుది నిర్ణయానికి ఇంకా రాలేదు. మొదటి సగం కంపెనీలు పట్టుకున్నాయి, రెండో సగం రోగుల లాయర్లు పట్టుకున్నారు.

2015 నవంబర్‌లో జడ్జి కంపెనీల వైపు తీర్పిచ్చారు. 2017లో పై కోర్టు దాన్ని కొట్టేసింది, రోగులు అడిగిన సాక్ష్యాల్ని సరిగ్గా బయటికి రానివ్వలేదని. 2019లో సుప్రీం కోర్టు ఇంకో మందు కేసులో, ఈ ప్రశ్న తేల్చాల్సింది జ్యూరీ కాదు, జడ్జే అంది. 2021లో అదే జడ్జి మళ్లీ కంపెనీల వైపే తేల్చారు. ఈసారి 2022లో పై కోర్టు సరేనంది. తొమ్మిదేళ్లు! ఈలోపు ఎంతమంది కుటుంబాలు ఎదురుచూసి ఉంటాయో. సైన్స్ తేలకపోవడం ఎవరి తప్పూ కాదని నేను ఒప్పుకుంటాను. కానీ సైన్స్ తేలనన్నాళ్లూ ఆ భారం మోసింది రోగులే.

మన దేశం సంగతి? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి వల్ల జరిగిన నష్టానికి తయారీదారుడి బాధ్యత అని ఒక అధ్యాయమే ఉంది. సరైన హెచ్చరిక ఇవ్వకపోవడం కూడా అందులోకి వస్తుంది. వినడానికి బాగుంది. కానీ 87వ సెక్షన్ చదవండి. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువైతే, ఆ నిపుణుడికి హెచ్చరిక చేరేలా కంపెనీ తగిన ప్రయత్నం చేస్తే చాలు, బాధ్యత పోతుంది. అంటే డాక్టర్‌కి చెప్పాం అంటే సరిపోవచ్చు, మీకు చెప్పకపోయినా. ఫిర్యాదుకి గడువు మామూలుగా రెండేళ్లు. మెడికల్ షాపులో బిల్లు లేకుండా, స్ట్రిప్‌లో సగం కత్తిరించి కొన్న మాత్రలతో ఏ కేసు నిలబడుతుంది చెప్పండి? బ్యాచ్ నంబర్ ఆ రెండో ముక్క మీద ఉండిపోతుంది. ప్రిస్క్రిప్షన్, బిల్లు, స్ట్రిప్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకోటి. మందు పడక ఏదైనా జరిగితే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, ఉచితం. ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నంబర్ అది. డాక్టరే చేయాలని లేదు, మీరే చేయొచ్చు. అక్కడ నష్టపరిహారం రాదు. 2007లో ఎఫ్‌డీఏ లెక్కపెట్టిన ఆ 30 కేసులు మాత్రం ఇలాంటి రిపోర్టులే.