లచ్చిమికి గాలి కొట్టించాలి

మనవాళ్ళకు పేర్లు పెట్టే సరదా కాస్త ఎక్కువే. పాడిగేదెకు పేరు, అరక కట్టే ఎడ్లకు పేర్లు, చెలకలో బావికి పేరు. పెరట్లో మామిడిచెట్టు నాలుగు కాయలు తియ్యగా కాసిందంటే దానికీ ఓ పేరు! అలాంటిది, రెండు తరాలవాళ్ళు ఎక్కి తిరిగిన సైకిలును ఊరికే వదిలిపెడతారా? పురోహితుణ్ణి పిలిచి, బియ్యంలో రాసి పెట్టకపోవచ్చు. అయినా పేరు పడింది. ఒక్కో ఇంట్లో ఒక్కో విధంగా పడింది.

అసలు సైకిలు పుట్టుకే పేర్ల గొడవతో మొదలయింది. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి ఒకటి చేసి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ దాని మీద ఊరేగాడు. జనం దానికి ఆయన పేరే తగిలించి 'డ్రైసిన్' అన్నారు. ఇంగ్లండువాళ్ళు 'హాబీ హార్స్' అన్నారు, అంటే పిల్లలాడుకునే కొయ్యగుర్రం. ఆ తర్వాత పెడళ్ళు వచ్చాయి, చక్రాలకు ఇనుప పట్టీలు వచ్చాయి. ఆ బండికి వాళ్ళు పెట్టిన పేరు 'బోన్‌షేకర్', ఎముకలు కుదిపేసేదన్న మాట! రాళ్ళు పరిచిన వాళ్ళ వీధులకే అలా అన్నవాళ్ళు, మన దేవరకొండ గుట్టల బాట మీద తొక్కి ఉంటే ఏమని పిలిచేవాళ్ళో! 1885లో స్టార్లీ 'రోవర్' సైకిలు, 1888లో డన్‌లప్ గాలిటైరు వచ్చాక గానీ మనిషి నడుముకు సుఖం దక్కలేదు.

మన దాకా వచ్చేసరికి సైకిళ్ళు పేరు తగిలించుకునే దిగాయి. రాలీ, ఫిలిప్స్, హెర్క్యులెస్. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. ఆకాశాన్ని భుజాల మీద మోసేవాడు అట్లాస్ అనీ, ఓసారి హెర్క్యులెస్ కాసేపు ఆ బరువు మార్చుకున్నాడనీ గ్రీకుల పురాణం. ఆ మహానుభావులిద్దరూ నల్లగొండలో చాయ్ హోటలు ముందు ఒకే గోడకు ఆనుకుని నిలబడేవారు, ఒకరి వెనక పాలక్యాన్లు, మరొకరికి అటూ ఇటూ కల్లుకుండలు! పురాణంలో బరువే నయమనిపించేది చూస్తే. పాపం, ఆ అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం విధి విలాసం కాక మరేమిటి?

కంపెనీ పేరు కాగితాల్లో పేరు. పిలిచే పేరు వేరు. కిరాయి దుకాణంలో సైకిళ్ళకు నెంబర్లుండేవి. గంటకు చారాణానో ఆఠాణానో ఇచ్చి కైంచి తొక్కుడు నేర్చుకున్న పిల్లలకు ఏడో నెంబరుకు బ్రేకులుండవనీ, మూడో నెంబరు చైను ఊడుతుందనీ మొహం చూసి చెప్పగలిగేంత తెలుసు. సొంత సైకిలైతే చైన్ కవరు మీద పెయింటరుతో యజమాని పేరు రాయించాల్సిందే. దసరాకు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, హ్యాండిలుకు బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెడితే అది ఇంట్లో మనిషి కిందే లెక్క.

మనిషి పేరే సైకిలు పేరయిపోయిన ముచ్చటా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటు సభ్యుడై ఢిల్లీ వెళ్ళాక కూడా సభకు సైకిలు మీదే వెళ్ళేవారు. కార్ల మధ్య నిలబెట్టిన ఆ సైకిలును ఏ కంపెనీదని ఎవరడుగుతారు చెప్పండి? అది సుందరయ్యగారి సైకిలు, అంతే.

పెట్టిన పేరొకటి, పిలిచే పేరొకటి కావడం పాలమూరువాళ్ళకు కొత్తేమీ కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో ఆ ఊరు మహబూబ్‌నగర్ అయింది. రైలు స్టేషను బోర్డు మీదా, కచేరీ కాగితాల మీదా ఆ పేరే. బస్సులో పక్కసీటు ఆమెను "ఏ ఊరమ్మా?" అని అడగండి, "పాలమూరు" అంటుంది. నీలగిరి అన్న పాతపేరు నల్లగొండకు ఇంకా అక్కడక్కడా బోర్డుల మీద బతికే ఉంది. ఊళ్ళకే ఇలా రెండేసి పేర్లుంటే సైకిలుకుంటే తప్పేముంది?

మా ఇంట్లో సైకిలు పేరు లచ్చిమి. మా తాతకు పెళ్ళిలో మామగారు పెట్టిన సైకిలది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే వాళ్ళ పెళ్ళి. ఆ రోజుల్లో పెళ్ళికొడుకు అలకపాన్పు ఎక్కితే సైకిలు, వాచీ ఇచ్చి గానీ దించలేకపోయేవారు. పెళ్ళికూతురి తండ్రి ఏ చెలక తాకట్టు పెట్టాడో ఎవరూ అడిగేవారు కాదు. "లచ్చిమి తెచ్చిన సైకలు" అని వాడకట్టు వాళ్ళు అనగా అనగా 'సైకలు' ఊడిపోయి లచ్చిమి మిగిలింది. మరి అసలు లచ్చిమి ఏమైందంటారా? మా నాయినమ్మకు ఆ ఇంట్లో పేరే లేకుండా పోయింది! అత్త "పిల్లా" అనేది. తాత "ఏమే" అనేవాడు. భార్యను పేరు పెట్టి పిలవడం పెద్దల ముందు నామోషీ కదా! మా పెదనాయన పుట్టాక "పెద్దోని తల్లి" అయింది. రేషను కార్డులో తప్ప లచ్చిమి అన్న పేరు ఆమెకు అక్కరకు రాలేదు.

సైకిలుకు మాత్రం ఆ పేరు దివ్యంగా అమరింది. "లచ్చిమికి గాలి కొట్టించాలె." "లచ్చిమిని నీడకు పెట్టుండ్రి, ఎండకు టైరు పాడైతది." తుమ్మముల్లు దిగి పంచరయితే, "లచ్చిమి అలిగింది" అని తాత నవ్వేవాడు. ఆ సైకిలు వెనక నాయినమ్మ కూర్చునేది ఊరి పొలిమేర దాటాకే. తిరిగి వచ్చేటప్పుడు పొలిమేర రాగానే దిగి, మూట నెత్తిన పెట్టుకుని పది అడుగుల వెనక నడిచి రావాలి. తండ్రి కొనిచ్చిన సైకిలు ముందు, ఆమె వెనక.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఓసారి అడిగాను, "నీ పేరు సైకిలుకు పెడితే నీకు కోపం రాలేదా?" అని. నాయినమ్మ కందులు చెరుగుతూ, తల ఎత్తకుండానే అంది: "కోపమెందుకే! ఆ పేరు యినవడితే నన్నే పిలిచినట్టుండేది. ఓ అని పలకబోయి ఊకునేదాన్ని."

సైకిలుకు ఆడపేరు పెట్టింది మా తాత ఒక్కడే కాదు లెండి. అమెరికాలో ఫ్రాన్సెస్ విల్లార్డ్ అని ఒకావిడ, మద్యనిషేధం కోసం పోరాడిన మహిళా సంఘానికి అధ్యక్షురాలు, యాభైమూడో ఏట సైకిలు నేర్చుకుంది. 1992లో సారాకు ఎదురుతిరిగిన మన దూబగుంట ఆడవాళ్ళకు వరసకు అక్క అన్నమాట. స్నేహితురాలు బహుమతిగా ఇచ్చిన ఆ సైకిలుకు ఆమె 'గ్లాడిస్' అని ముద్దుగా పేరు పెట్టుకుంది, తన మనసుకు హుషారు తెచ్చింది గనుక. 1895లో ఆ సైకిలు చదువు గురించి ఒక పుస్తకమే రాసింది. యాభై దాటితే మోకాళ్ళ నొప్పులని కూర్చునే మనం ఆవిణ్ణి ఓసారి తలుచుకోవాలి!

ఇంకో చోద్యం చూడండి. 1894లో బోస్టన్‌లో ముగ్గురు పిల్లల తల్లి ఆనీ కొప్చోవ్‌స్కీ సైకిలు మీద ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. లండన్‌డెరీ అనే నీళ్ళసీసాల కంపెనీ వంద డాలర్లిచ్చి సైకిలుకు తమ బోర్డు తగిలించింది. దాంతోపాటు ఆమె పేరు కూడా మారి 'ఆనీ లండన్‌డెరీ' అయింది. మా నాయినమ్మ పేరు సైకిలుకు పోయింది, ఈవిడకు సైకిలు మీది బోర్డే పేరయింది. తేడా ఏమిటంటే, ఈవిడ తన పేరును తనే బేరమాడి అమ్ముకుంది.

ఆడవాళ్ళ పేరు బండికి పెట్టడంలో నిజాం ప్రభువును మించినవారు లేరనుకుంటాను. 1932లో నిజాం రైల్వేవారు ఇరవై ఏడు బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఏడో నిజాం ఆ బస్సులకు తల్లి జహ్రా బేగం పేరు పెట్టాలనుకున్నాడనీ, ఆ పేరులో మొదటి అక్షరమే 'జెడ్'గా నెంబరు ప్లేటు మీదికి ఎక్కిందనీ చెబుతారు. ఈనాటికీ మన ఆర్టీసీ బస్సుల నెంబర్లలో 'జెడ్' ఉంటుంది, ఈసారి ఎక్కేటప్పుడు చూడండి. పరదా చాటు రాణివాసపు పేరు నల్లగొండ చౌరస్తాలో, జడ్చర్ల బస్టాండులో దుమ్ము రేపుకుంటూ తిరుగుతోంది!

సైకిలు మీద ఆడవాళ్ళు గుంపులుగా కనిపించింది మాత్రం మన పక్క రాష్ట్రంలో. 1991-92లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పారు. లక్ష మందికి పైగా నేర్చుకున్నారని మన పాలగుమ్మి సాయినాథ్ రాశారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారట. ఆ కడ్డీ మీద చంటిపిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా!

మన దగ్గర ఆడపిల్లల కోసం వచ్చిన సైకిళ్ళకు కంపెనీలు 'మిస్ ఇండియా' అనీ, 'లేడీబర్డ్' అనీ పేర్లు పెట్టాయి. లేడీబర్డ్ అంటే ఆడపిట్ట అనుకునేదాన్ని. కాదట, ఎర్రరెక్కల మీద నల్లచుక్కలుండే పురుగట! ఈమధ్య నల్లగొండలో, బడి విడిచిన వేళ, అలాంటి సైకిలు ఒకటి చూశాను. వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో, కాస్త వంకరగా, ఓ ఆడపిల్ల పేరు రాసి ఉంది.

"సైకిలు పేరా, నీ పేరా?" అని అడిగాను.

"నా పేరే ఆంటీ. నేనే రాసుకున్న" అంది, స్టాండు తన్ని ఎక్కుతూ.