సముద్రం వాళ్లది, డోలు మనది



పెద్ద అంబర్‌పేట్ దాటి విజయవాడ రోడ్డు మీద కొంచెం దూరం పోతే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తది. అక్కడ సెట్ వేసి ఏ ఊరినైనా, ఏ అడవినైనా నిలబెట్టగలరు. ఈ చుట్టుపక్కల హాస్టళ్లల్ల ఉండి చదువుకుంటున్న మనకు ఆ రోడ్డు కొత్తది కాదు. మొన్న హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చుని ‘మోవానా’ చూసినంక ఒక ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అడవిని కట్టొచ్చు, సముద్రాన్ని కంప్యూటర్‌లో పోయొచ్చు. మరి అందులో వినిపించే పాట ఎవరిది? ఆ పాట మీద హక్కు ఎవరిది?

‘మోవానా’ 2016లో వచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలోని పాలినేషియా దీవుల జనం గురించి డిస్నీ తీసిన యానిమేషన్ సినిమా. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్. కథ మొదలుపెట్టే ముందు వాళ్లు ఫిజీ, సమోవా, తహితి దీవులు తిరిగారు. ఇన్నేళ్లు మీ సంస్కృతి మమ్మల్ని మింగింది, ఒక్కసారి మీరు మా సంస్కృతిలో మునగండి అన్న అర్థం వచ్చేటట్టు అక్కడి పెద్దాయన ఒకరు అడిగారట. ఆ తర్వాత దీవుల పెద్దలు, పండితులు, కళాకారులతో ఒక సలహా బృందం పెట్టుకున్నారు. మావీ అనే వీరుడిని మొదట బోడిగుండుతో గీస్తే, తహితి వాళ్లు ఒప్పుకోలేదు. అట్లా మావీకి ఒత్తైన జుట్టు వచ్చింది. మావీ ఒంటి మీద కదిలే పచ్చబొట్టును మాత్రం ఎరిక్ గోల్డ్‌బర్గ్ పాత పద్ధతిలో చేత్తో గీశారు.

సంగీతం సంగతి ఇంకా ముఖ్యం. ముగ్గురు కలిసి చేశారు: లిన్ మాన్యుయెల్ మిరాండా, మార్క్ మాన్సినా, ఒపెతాయా ఫొవాయి. ఫొవాయి సమోవాలో పుట్టినవాడు, తల్లిదండ్రుల మూలాలు తోకెలావ్, తువాలు దీవులవి. ‘తె వాకా’ అనే బృందం పెట్టి ఎన్నో ఏళ్లుగా సొంత భాషలోనే పాడుతున్నవాడు. అందుకే ఆ సినిమాలో నావలు కదిలే పాటలో సమోవా, తోకెలావ్ భాషల మాటలు వినిపిస్తయి. దుంగను తొలిచి చేసిన డోళ్ల దరువు వినిపిస్తది.

అంతా మంచే జరిగిందని కాదు. అదే ఏడాది మావీ ఒంటిరంగును, పచ్చబొట్లను పిల్లల డ్రెస్సుగా కుట్టి అమ్మకానికి పెడితే, మా చర్మం వేసుకునే బట్ట కాదని దీవుల జనం గట్టిగా నిలదీశారు. కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. వేరువేరు దీవుల కథలన్నీ ఒక్క కుండలో కలిపేశారన్న విమర్శ ఇప్పటికీ ఉంది. అయినా 2017లో మావోరి భాషలో, 2018లో హవాయి భాషలో ఆ సినిమా వచ్చింది.

సినిమా వెనక అసలు చరిత్ర ఒకటుంది. పాలినేషియా జనం సుమారు మూడు వేల ఏళ్ల కింద సమోవా, తోంగా దాకా వచ్చి, వెయ్యేళ్లకు పైగా అక్కడే ఆగిపోయారు. తర్వాత మళ్లీ నావలెక్కి హవాయి, న్యూజిలాండ్ దాకా పోయారు. కాలం గడిచి, పరాయి పాలన వచ్చి, చుక్కలను, అలలను చూసి దారి పట్టే విద్య హవాయిలో పోయింది. 1976లో ‘హోకులేఆ’ అనే జంట నావను దిక్సూచి లేకుండా తహితికి నడపాలనుకున్నప్పుడు, దారి తెలిసినోడు హవాయిలో ఒక్కడూ దొరకలేదు. మైక్రోనేషియాలోని సతావల్ అనే చిన్న దీవి నుంచి మావ్ పియైలుగ్ వచ్చి దారి చూపించారు. ఆయన దగ్గర నేర్చుకున్న నైనోవా థామ్సన్ 1980లో తానే నడిపారు. ఒక్క మనిషి నేర్పకపోతే ఆ విద్య అంతటితో ఆగేది.

ఇక మన దిక్కు చూద్దాం. కోయల్లో డోలీలు ఇలవేల్పు ముందు పడిగె పట్టి కథ చెప్తారు. ఆ బట్ట మీద గట్టు వంశం బొమ్మలు వరసగా ఉంటయి. బొమ్మ చూపిస్తూ, డోలు కొడుతూ పాడుతుంటే చరిత్ర కళ్ల ముందు కదులుతది. యానిమేషన్ అంటే ఇంకేంటి? గోండులకు ప్రధాన్‌లు, తోటీలు కిక్రి వాయిస్తూ వంశకథ పాడతారు. దీపావళి రోజుల్లో దండారి కదిలితే నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడతారు. కోలబోడితో ముగుస్తది.

మన పాట కూడా తెర మీదికి ఎక్కింది. అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీమ్’ 1990లో తీశారు. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ భీమ్ పేరును ప్రపంచమంతా తీసుకుపోయింది. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరు అంత దూరం పోయిందని సంతోషపడ్డాం. కానీ ఆ సినిమాలో గోండు పిల్ల పాడే పాట తెలుగు పాట. భీమ్ మీద పాట కూడా తెలుగే. రాసినోళ్ల ప్రతిభను మేము తక్కువ చేయట్లేదు. పాలినేషియాకు ఫొవాయి ఉన్నట్టు, ఆ గదిలో మనోడు ఒకడు ఉంటే గోండి మాట కూడా వినిపించేది కదా అంటున్నం.

మన దగ్గర సరుకు లేక కాదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో, మణుగూరు దిక్కు కోయ డోలీ సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లో, ఒకే ఏడాది, వెళ్లిపోయారు. కనకరాజు గారు ఎందరికో ఆట నేర్పి పోయారు. అది మన అదృష్టం. రామచంద్రయ్య గారు నోటితో మోసిన వంశకథలను అంత నిండుగా పాడగలిగేటోళ్లు ఇంకెందరు మిగిలారు?

అందుకే అడుగుతున్నం. దండారికో, జాతరకో ఇంటికి పోయినప్పుడు తాత పాటను ఫోన్‌లో పట్టండి. ముందు అడిగి పట్టండి. పాడినవారి పేరు, ఊరు, గట్టు, ఏ సందర్భంలో పాడతారో రాయండి. కొన్ని పాటలు వేల్పు ముందే పాడాలంటే, వాటిని బయట పెట్టకండి. బీటెక్‌లో, ఫైన్ ఆర్ట్స్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు పడిగె బొమ్మలను కదిలించడం నేర్చుకోండి.

రేపు రామోజీ ఫిల్మ్ సిటీలో ఎవరైనా మన అడవి సెట్ వేస్తే, పాట కోసం వాళ్లు మన ఊరి గడప తొక్కి అడగాలి. అడిగిన రోజు పాడేటోడు మన ఊర్లో ఉండాలి.

జై ఆదివాసీ!