బ్రేకు పరీక్ష నుంచి వయసు పరీక్ష దాకా
(పాత కార్లు – ఫిట్‌నెస్ నిబంధనల చరిత్ర)

మన ప్రాంతంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అంటే చాలామందికి అర్థమయ్యేది కాదు. బ్రేకిన్‌స్పెక్టరు అంటేనే తెలిసేది. బస్సు డ్రైవర్లు, లారీ క్లీనర్లు, టాక్సీవాళ్ళు అందరూ ఆ మాటే వాడేవారు. అది ప్రభుత్వం ఇచ్చిన హోదా కాదు, జనం పెట్టిన పేరు. ఆ ఉద్యోగి వచ్చాడంటే బండి ఎక్కి, కొంత దూరం నడిపించి, ఒక్కసారిగా బ్రేకు వేయించి చూస్తాడని జనానికి తెలుసు. కనుక ఆ పేరు పెట్టుకున్నారు.

మన సంఘ సభ్యుల్లో పాత అంబాసిడర్, ఫియట్ కార్లు ఇంకా ఉంచుకున్నవారు కొందరున్నారు. రిజిస్ట్రేషను గడువు దగ్గర పడిందంటే వారికి నిద్ర పట్టదు. మనకు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఎలాగో, వారి బండికి అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష అలాగ. అయితే మన దగ్గర బ్యాంకువారు బతికి ఉన్నామా లేదా అని మాత్రమే చూస్తారు, వయసు ఎక్కువైందని తప్పుపట్టరు. పైగా వయసు పెరిగితే అదనపు పింఛను ఇస్తారు. బండి విషయంలో జరుగుతున్నది దీనికి తలకిందులు. ఇది ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

చట్టాలు వచ్చిన వరుస

దేశమంతటికీ వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. బండికి రిజిస్ట్రేషను, నడిపేవాడికి లైసెన్సు అనేవి దానితో స్థిరపడ్డాయి. అప్పటికి కార్లు జమీందార్లకు, దొరలకు, సంస్థానాధీశులకు మాత్రమే ఉండేవి. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. అది ఆ కాలపు బండే.

తరువాత 1939 చట్టం ఆ ఏడాది జూలై 1 నుంచి అమలైంది. అందులో 38వ సెక్షను కింద ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పెట్టారు. అది బస్సు, లారీ, టాక్సీ వంటి రవాణా వాహనాలకు ఉద్దేశించినది. అందులోని న్యాయం తేలికగా అర్థమవుతుంది. డబ్బిచ్చి బస్సెక్కిన ప్రయాణికుడు దాని బ్రేకులు చూసుకోలేడు. యజమాని లాభం కోసం అరిగిన బండినే తిప్పుతాడు. కాబట్టి ప్రయాణికుడి తరఫున ప్రభుత్వం చూడాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు దొరకక, వెనుక కుంపటి కట్టి బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపారు. బొగ్గు బస్సుల కథలు మన తండ్రుల తరం నోట మనమందరం విన్నవాళ్ళమే. ఎత్తు రాగానే జనం దిగి తోయవలసిన ఆ బస్సులకు తనిఖీ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

సొంత కారు యజమాని సంగతి వేరు. తన భార్యాపిల్లలే అందులో ఎక్కుతారు గనుక బ్రేకులు తనే చూసుకుంటాడనే నమ్మకం.

ఆ కాలపు బండ్లు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మనకు దొరికిన కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాను తీసుకుని హిందుస్తాన్ మోటార్స్ వారు 1957 నుంచి పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారు చేశారు. అది 2014 మే వరకు తయారైంది. ఫియట్ 1100 నమూనా బొంబాయిలో ప్రీమియర్ వారి చేతిలో 1970లలో పద్మిని అయింది. మద్రాసులో స్టాండర్డ్ వారు 1961 నుంచి హెరాల్డ్ చేశారు. డబ్బు కట్టి పేరు నమోదు చేయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూసిన రోజులవి. మోటారు కారు అడ్వాన్సు మంజూరై, బండి చేతికి రాక, ఆ ఫైలు తిరిగి తిరిగి వచ్చిన సందర్భాలు మనలో పలువురికి గుర్తుండే ఉంటాయి.

అలా వచ్చిన కారును ఎవరూ అయిదేళ్ళకు అమ్ముకోలేదు. పిల్లల పెళ్ళిళ్ళు ఆ కారులోనే అయ్యాయి. బండి నిర్మాణం కూడా అందుకు అనుకూలమే. మందమైన రేకు, విప్పి బిగించడానికి వీలైన ఇంజను, ఊరి మెకానిక్కు చేతికి అందే భాగాలు. అరిగినది మార్చుకుంటూ పోతే బండికి ముసలితనం రాదని మెకానిక్కులు అనేవారు.

దానితో పాటు లోపాలు కూడా చెప్పుకోవాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. ఘాటు రోడ్డు మీద వరుసగా నొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతాయి. సీటు బెల్టులు లేవు. కొన్ని పాత బండ్లకు మలుపు దీపాలకు బదులు పక్క స్తంభంలోంచి లేచే చేయి వంటి సూచిక ఉండేది. అంతకన్నా పాతవాటికి ఆరు వోల్టుల బ్యాటరీ, మసక హెడ్‌లైట్లు. ఇవి ఇవాళ్టి రోడ్డు మీద తిరిగేటప్పుడు పరీక్ష అక్కరలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పదిహేనేళ్ళ గీత

ఇప్పుడు అమలులో ఉన్నది 1988 చట్టం. అది 1989 జూలై 1 నుంచి వచ్చింది. దాని 41వ సెక్షను ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత బండిని చూపించి, అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. 15 ఏళ్ళకు ఒక్కసారయినా బండిని ఎవరో ఒకరు కిందికి వంగి చూడడం మంచిదే.

చిక్కు అంతా చూసే పద్ధతిలో వచ్చింది. నాకు తెలిసిన ఒక మాస్టారి అనుభవం చెబుతాను. ఆయన బండి 1968 నాటి ఫియట్. బ్రేకులు బాగున్నాయి, స్టీరింగులో ఆట లేదు, పొగ లేదు. అయినా మూడుసార్లు తిరిగివచ్చారు. మొదటిసారి ఛాసిస్ నెంబరు పెన్సిలు ప్రింటు సరిగా రాలేదన్నారు. అర్ధ శతాబ్దం తుప్పు పట్టిన అంకెలు కాగితం మీద ఎలా పడతాయి? రెండోసారి, 1989కి ముందు నాటి ఆ మూడక్షరాల నెంబరు కంప్యూటరులో లేదన్నారు. పాత రిజిస్టరులోని వివరం కంప్యూటరులోకి ఎక్కించలేదు. జిల్లాలు విడిపోయాక ఆ రిజిస్టరు ఏ కార్యాలయంలో ఉందో తేలలేదు. మూడోసారి సీటు బెల్టులు ఏవన్నారు. ముందు సీట్లకు బెల్టులు అమర్చి అమ్మాలని తయారీదారులకు నిబంధన వచ్చింది 1994లో. అంతకు 26 ఏళ్ళ ముందు తయారైన బండిని ఆ ప్రశ్న వేయడం, మెట్రిక్యులేషను చదివినవాణ్ణి ఇంటర్మీడియట్ మార్కుల జాబితా అడిగినట్టుంది. ఈ మూడు రాకపోకల్లోనూ బ్రేకు ఎవరూ నొక్కి చూడలేదు.

నిబంధనలు రాసేవారికి ఈ తేడా తెలియదనుకోవద్దు. పొగ పరీక్షనే చూడండి. 2004లో మార్చిన ప్రమాణాల ప్రకారం భారత్ స్టేజ్ 2కు ముందు నాటి పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు 3 శాతం దాకా అనుమతి. ఆ తరువాతి కార్లకు అర శాతమే. బండి ఏ కాలంలో పుట్టిందో ఆ కాలపు కొలతతోనే దాన్ని కొలిచారు. ఇది న్యాయమైన పద్ధతి. మిగతా పరీక్షలకూ ఇదే సూత్రం పాటిస్తే సగం బాధ తీరుతుంది.

వయసే నేరం

ఆ తరువాత గాలి మరోవైపు తిరిగింది. ఢిల్లీలో ఊపిరాడని కాలుష్యం దృష్ట్యా జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో 15 ఏళ్ళు దాటిన వాహనాలు తిరగరాదన్నది. 2015 ఏప్రిల్‌లో 10 ఏళ్ళు దాటిన డీజిలు వాహనాలను నిషేధించింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఆ ఆంక్షలు అమలు చేయమన్నది. 2025లో కూడా ఆ విషయం మళ్ళీ కోర్టు ముందుకు వచ్చింది. ఢిల్లీ ప్రజల ఊపిరితిత్తులు కాపాడాలన్నది కాదనలేని మాట. కాని అక్కడ బండి పరిస్థితితో పని లేకుండా పుట్టిన తేదీతోనే తీర్పు జరిగింది. మంచి స్థితిలో ఉన్న 16 ఏళ్ళ బండి తప్పు చేసినట్టు, పొగ కక్కే 14 ఏళ్ళ బండి చేయనట్టు అయింది.

2021లో పాత వాహనాల తుక్కు విధానం వచ్చింది. ప్రభుత్వ వాహనాలకైతే 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషను పొడిగించరాదని 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. మనం పనిచేసిన కార్యాలయాల జీపులు, అంబాసిడర్లలో మిగిలినవి కూడా అలాగే తుక్కుకు పోవలసి వచ్చింది.

సొంత కార్లకు తుక్కు తప్పనిసరి కాదు. రుసుము మాత్రం పెరిగింది. రూ. 600 ఉన్న కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి రూ. 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు కేంద్రం దాన్ని రూ. 10,000 చేసింది. మోటారు సైకిలుకు రూ. 2,000. రాష్ట్రాల హరిత పన్ను దీనికి అదనం. పొమ్మనకుండా పొగబెట్టడం అంటే ఇదేనేమో. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లయినా తిరగని బండికి, రోజూ తిరిగే బండికి ఒకటే లెక్క.

కుడి చేత్తో ఇచ్చినది

ప్రభుత్వం ఒక మంచి పని కూడా చేసింది. 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇది వర్తిస్తుంది. రూ. 20,000 రుసుముతో పదేళ్ళ రిజిస్ట్రేషను, ఆపైన పొడిగింపుకు రూ. 5,000. నెంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. దానితో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి.

సంపన్నుల గ్యారేజీల్లో ఉన్న కార్లకు ఇది వరమే. కాని మనవంటివారి బండి సంగతేమిటి? 1985 నాటి పద్మినికి 50 ఏళ్ళు రావాలంటే 2035 దాకా ఆగాలి. 15 ఏళ్ళు దాటింది కాబట్టి అనుమానం, 50 నిండలేదు కాబట్టి గౌరవం లేదు. మధ్యలో ఉన్న ఈ 35 ఏళ్ళకు నిబంధనల్లో ప్రత్యేకమైన చోటే లేదు. ఎక్కువ కార్లు ఉన్నదీ, ఎక్కువ కార్లు తుక్కుకు పోతున్నదీ ఈ మధ్య కాలంలోనే. ఇవి పోతే 50 ఏళ్ళు నిండడానికి రేపు మిగిలేవి ఏవి?

ఇతర దేశాల తీరు

మన అంబాసిడర్ పుట్టిల్లయిన బ్రిటన్‌లో 1960లో ఈ పరీక్షలు మొదలయ్యాయి. మొదట 10 ఏళ్ళు దాటిన బండ్లకు పెట్టారు, 1961లోనే దాన్ని 7 ఏళ్ళకు, 1967లో 3 ఏళ్ళకు తగ్గించారు. అదే దేశం 2012లో 1960కి ముందు నాటి కార్లను, 2018 మే నుంచి 40 ఏళ్ళు దాటి పెద్ద మార్పులు జరగని కార్లను ఏటేటా పరీక్ష నుంచి మినహాయించింది. బండి సురక్షితంగా ఉంచే బాధ్యత మాత్రం యజమానిదే. జర్మనీవారిది ఇంకో దారి. 30 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న కార్లకు 1997 నుంచి ప్రత్యేక నెంబరు ప్లేటు ఇస్తున్నారు. రోజూ నడుపుకోవచ్చు, పరీక్ష మాత్రం రెండేళ్ళకొకసారి తప్పదు.

నాకు జర్మనీ దారే సరైనదనిపిస్తుంది. పరీక్ష వద్దనడం మన వాదన కాకూడదు. ఎదురుగా వచ్చే సైకిలువాడికి మన బండి మీద మనకున్న మమకారంతో పని లేదు. అతడికి కావలసింది బండి ఆగడం. కనుక బ్రేకు, స్టీరింగు, టైర్లు, దీపాలు, పొగ గట్టిగానే చూడాలి. 2021లో నిబంధనలు వచ్చిన యంత్ర పరీక్షా కేంద్రాలు కూడా మంచివే, యంత్రానికి మొహమాటం లేదు. ఆ పరీక్ష నెగ్గిన బండిని మాత్రం వయసు పేరుతో వేధించరాదు. 30 ఏళ్ళకు ఒక మధ్య తరగతి ఏర్పాటు చేసి, పుట్టిన కాలపు కొలతతో పరీక్షించి, తక్కువ తిరిగే బండికి తక్కువ రుసుము పెడితే ఖజానాకు పెద్ద నష్టమేమీ రాదు.

సభ్యులకు కొన్ని సూచనలు

గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆలస్యమైతే కారుకు నెలకు రూ. 500 అదనం. ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉంచుకోండి. ఛాసిస్ నెంబరు ఉన్న చోట తుప్పు తీయించి నూనె రాసి ఉంచండి. పాత ఆర్‌.సి. పుస్తకం, పన్ను రసీదులు పారవేయవద్దు. కంప్యూటరులో మీ బండి వివరాలు ఉన్నాయో లేదో గడువుకు ఏడాది ముందే చూసుకోండి.

ముఖ్యంగా కుటుంబ సభ్యులు గమనించవలసినది ఒకటుంది. యజమాని కాలం చేస్తే 30 రోజుల లోపు కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 ద్వారా వారసుల పేరుకు మార్పించుకోవాలి. 2021 నుంచి ఆర్‌.సి.లో నామినీ పేరు రాయించే వీలు కూడా వచ్చింది. మన సర్వీసు రిజిస్టరులో నామినేషను వేసినంత శ్రద్ధగా ఇది కూడా చేయించుకుంటే మంచిది. తండ్రి పేరున మిగిలిపోయిన బండిని పొడిగించుకోలేక, మనసొప్పకపోయినా తుక్కువాడికి ఇచ్చిన ఇళ్ళు నేను చూశాను.

ఈ విషయమై మన సంఘం పక్షాన రవాణా శాఖవారికి ఒక వినతిపత్రం ఇవ్వవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. బ్రేకిన్‌స్పెక్టరుగారు మునుపటిలా బండి ఎక్కి బ్రేకు నొక్కించి చూడాలి. ఆగకపోతే బండిని ఆపేయాలి. ఆగితే మరో అయిదేళ్ళకు సంతకం పెట్టాలి.