ఒకే రోడ్డు మీద రెండు ఊళ్ళు

మసాచుసెట్స్‌లో ఐ-90 రోడ్డు మీద పడమర నుంచి తూర్పుకి వెళ్తుంటే ముందు స్ప్రింగ్‌ఫీల్డ్ వస్తుంది, తర్వాత వూస్టర్ వస్తుంది. (స్పెల్లింగ్ చూసి వేరేలా చదవకండి, అక్కడివాళ్ళు వూస్టర్ అనే అంటారు.) రెండు ఊళ్ళ మధ్య సుమారు 50 మైళ్ళు. ఈసారి నేను రాసే చరిత్ర ఈ రెండు ఊళ్ళదీ, వీటికి చాలా దూరంలో ఉన్న ఉగాండాదీ.

ముందు స్ప్రింగ్‌ఫీల్డ్. అక్కడ స్కాట్ లైవ్లీ అనే పాస్టర్ ఉండేవారు. 2009 మార్చిలో ఆయన ఉగాండా రాజధాని కంపాలా వెళ్ళి, ఒక సదస్సులో గే మనుషులు సమాజానికి ప్రమాదం అని చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో డేవిడ్ బహాతి అనే ఎంపీ అక్కడి పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా వేయాలని ఆ బిల్లులో ఉంది. 2011 జనవరిలో, గే హక్కుల కోసం పోరాడిన డేవిడ్ కాటోని ఆయన ఇంట్లోనే కొట్టి చంపేశారు. బిల్లు 2014 ఫిబ్రవరిలో చట్టం అయింది. మరణశిక్ష తీసేసి యావజ్జీవం పెట్టారు. యావజ్జీవం అంటే బతికి ఉన్నంతకాలం జైలు. ఆగస్టులో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. కానీ 2023లో ఇంకో చట్టం వచ్చింది, అందులో మరణశిక్ష మళ్ళీ ఉంది.

ఇదంతా అమెరికావాళ్ళే చేయించారు అంటే నిజం కాదు. ఉగాండా నాయకులు తమ ఇష్టంతోనే చేశారు. ‘ఇది ఆఫ్రికా సంస్కృతి’ అంటే అది కూడా పూర్తి నిజం కాదు. అక్కడి పాత చట్టం బ్రిటిష్‌వాళ్ళు పెట్టింది. మన ఇండియాలో 1860 నాటి శిక్షాస్మృతిలో సెక్షన్ 377 ఉండేది కదా, దానికి అది చుట్టం లాంటిది. రెండిటిలోనూ ‘ప్రకృతికి విరుద్ధం’ అనే మాటే ఉంది. ఇండియాలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టాన్ని 377 నుంచి తప్పించింది. ఉగాండాలో ఆ రోజు రాలేదు.

2012లో ఉగాండా గే హక్కుల సంఘం లైవ్లీ మీద స్ప్రింగ్‌ఫీల్డ్ ఫెడరల్ కోర్టులోనే కేసు వేసింది. 2017లో జడ్జి మైకేల్ పాన్సర్ ఆ కేసు కొట్టేశారు. కారణం ఏమిటంటే, అది అమెరికా కోర్టు పరిధిలోకి రాదు. కానీ లైవ్లీ చేసింది అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని అదే తీర్పులో రాశారు.

ఇప్పుడు వూస్టర్‌కి వెళ్దాం. అక్కడ హాడ్వెన్ పార్క్ కాంగ్రిగేషనల్ చర్చి ఉంది. అది యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే శాఖకి చెందింది. ఆ శాఖ 1972లోనే, తాను గే అని దాచుకోకుండా చెప్పిన బిల్ జాన్సన్‌ని పాస్టర్‌గా నియమించింది. 2008లో జమైకా నుంచి పారిపోయి వచ్చిన ఒక గే మనిషికి సాయం కావాలని ఈ చర్చికి తెలిసింది. అప్పటి పాస్టర్ జూడీ హాన్లన్, చర్చివాళ్ళు ఆయనకి తోడు నిలబడ్డారు. తర్వాత ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు వచ్చారు. ఉగాండా నుంచి, వేరే ఆఫ్రికా దేశాల నుంచి కూడా వచ్చారు. అలా ఎల్‌జీబీటీ అసైలం టాస్క్ ఫోర్స్ పుట్టింది.

అసైలం అంటే తెలుగులో ఆశ్రయం. గే అయినందుకు సొంత దేశంలో హింస ఉంటే అమెరికాలో ఆశ్రయం అడగవచ్చు అనే మాట 1994లో గట్టిపడింది. క్యూబా నుంచి వచ్చిన ఒక గే మనిషి కేసులో 1990లో వచ్చిన తీర్పు అన్ని కేసులకీ వర్తిస్తుందని ఆ ఏడాది అటార్నీ జనరల్ జానెట్ రీనో ప్రకటించారు. కానీ అడిగిన వెంటనే పని చేసుకోనివ్వరు. టాస్క్ ఫోర్స్ మొదలైన రోజుల్లో నియమం ప్రకారం, దరఖాస్తు పెట్టాక 150 రోజులు ఆగి ఈఏడీ అడగాలి, 180 రోజుల ముందు అది రాదు. ఈఏడీ కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో మన ఇళ్ళల్లో చాలామందికి తెలుసు. కానీ మన ఇంట్లో ఒకరికి ఈఏడీ లేకపోతే ఇంకొకరి జీతం ఉంటుంది. వీళ్ళకి అది లేదు. అందుకే వూస్టర్‌వాళ్ళు ముఖ్యంగా ఇచ్చింది చాలా మామూలు సాయం: ఇంటి అద్దె, తిండికి డబ్బు, లాయర్ దగ్గరికి దారి.

నాకు ఒక ప్రశ్న వచ్చింది. అమెరికాలో ఉగాండావాళ్ళు ఉన్నారు, వాళ్ళ చర్చిలూ ఉన్నాయి. మరి అక్కడికి వెళ్ళరేం? మనం కొత్త ఊరికి వెళ్తే ముందు ‘అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు?’ అని అడుగుతాం. మనవాళ్ళు ఎయిర్‌పోర్టుకి వస్తారు, అన్నం పెడతారు, గది చూపిస్తారు. ఒక ఉగాండా గే మనిషి తనవాళ్ళ దగ్గరికి వెళ్తే, ఏ మాటల నుంచి పారిపోయి వచ్చాడో అవే మాటలు అక్కడా వినాల్సి రావచ్చు. ఒక ఫోన్ కాల్‌తో సంగతి ఊళ్ళో అమ్మానాన్నలకి తెలిసిపోవచ్చు. మనవాళ్ళు చేసే పనిని వూస్టర్‌లో పరాయివాళ్ళు చేశారు.

అలాగని ఉగాండాలో ఎవరూ ఆ పని చేయలేదని కాదు. రిటైరైన ఆంగ్లికన్ బిషప్ క్రిస్టఫర్ సెన్యోంజో గే మనుషులకి కౌన్సెలింగ్ ఇచ్చారు. అందుకు ఆయన చర్చి ఆయన్ని దూరం పెట్టింది. డేవిడ్ కాటో అంత్యక్రియల్లో ఒక పాస్టర్ గే మనుషులని తిట్టడం మొదలుపెడితే, చివరికి సమాధి దగ్గర ప్రార్థన చేసింది సెన్యోంజోగారే. లైవ్లీ, హాన్లన్, సెన్యోంజో ముగ్గురూ చదివేది ఒకే బైబిలు.

నేను తెలుగు నేర్చుకుంటున్నది మనవాళ్ళతో మాట్లాడటానికి. అందుకే ఈ చరిత్ర నాకు ఆఫ్రికా సంగతిలాగా మాత్రమే అనిపించలేదు. మన అసోసియేషన్లలో, గుళ్ళలో, తెలుగు చర్చిల్లో కూడా గే పిల్లలు ఉంటారు. రేపు ఇంట్లోంచి వెళ్ళిపోవాల్సి వస్తే వాళ్ళు తెలుగువాళ్ళ తలుపు తడతారా, పరాయివాళ్ళ తలుపు తడతారా? మీ ఊళ్ళో ఎలా ఉందో, మీకు వచ్చినంత తెలుగులోనే చెప్పండి.